గ్రీస్‌లో టవెర్నాకి వెళ్తే: కుర్చీ లాక్కున్న దగ్గర్నుంచి బిల్లు కట్టేదాకా

ఏథెన్స్‌కో సాంటోరినికో టికెట్లు తీసుకున్న మనవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ మనం తినగలిగేది ఏమైనా దొరుకుతుందా?" దొరుకుతుంది, బోలెడు దొరుకుతుంది. శాకాహారులకైతే ఐరోపాలో ఇంత సుఖమైన దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చిక్కంతా ఆర్డర్ చేసే పద్ధతిలోనే. మనం కూర్చోగానే మెనూ తెరిచి, తలా ఒక ఐటమ్ చెప్పేసి, అవన్నీ ఒకేసారి రావాలనుకుంటాం. టవెర్నా అనే గ్రీకు భోజనశాలలో పళ్లేలన్నీ టేబుల్ మధ్యలోకి వస్తాయి, వంటగదిలో ఏది ముందు తయారైతే అది ముందు వస్తుంది, అందరూ అన్నిట్లోంచీ తింటారు. కాబట్టి కొంచెం చెప్పండి, తినండి, చాలకపోతే మళ్లీ చెప్పండి. వెయిటర్ మిమ్మల్ని లేపడానికి రాడు. రెండు గంటలు కూర్చోవడం అక్కడ మామూలు.

ఏ బోర్డు చూసి లోపలికి వెళ్లాలి

టవెర్నా అంటే ఇంటి తరహా వంట దొరికే మామూలు భోజనశాల. ప్సారోటవెర్నా అంటే చేపలది. ప్సిస్తార్యా అంటే నిప్పుల మీద కాల్చిన మాంసానిది. ఊజెరీ, మెజెదోపొలీయో అని రాసి ఉంటే చిన్న చిన్న పళ్లేలతో మందు తాగే చోటు. మాయిరీయో అని కనిపిస్తే వదలకండి: పొద్దున్నే వండి పెద్ద పెద్ద ట్రేలలో సర్దిన కూరలు, చిక్కుళ్లు, ఓవెన్‌లో పెట్టినవి అక్కడే దొరుకుతాయి. ఇవి ఎక్కువగా మధ్యాహ్నానికే. సాయంత్రానికి ట్రేలు ఖాళీ అయిపోతాయి.

ఏథెన్స్‌లో టూరిస్టులు ఎక్కువగా తిరిగే ప్లాకా పేట వీధుల్లో మెనూ చేతిలో పట్టుకుని "కమ్ కమ్, ఇండియా? నమస్తే!" అని పిలిచే చోట్లు దాటేయండి. అక్కడ తిండి దారుణంగా ఉంటుందని కాదు గానీ, రుచి చూపించి మళ్లీ రప్పించుకోవాల్సిన అవసరం వాళ్లకి లేదు. కాస్త నడిస్తే కుకాకి, పంగ్రాతి, పెత్రాలోనా లాంటి పేటల్లో ఊరివాళ్లు తినే టవెర్నాలుంటాయి. వర్వాకియోస్ మార్కెట్ దగ్గర దీపోర్తో అని ఒక నేలమాళిగ టవెర్నా ఉంది. బోర్డు లేదు, మెనూ కార్డు లేదు. వైన్ పీపాల పక్కన బల్ల మీద కూర్చుంటే ఆ రోజు వండినది తెచ్చి పెడతారు, అందులో కాబూలీ శనగల సూప్ పేరుమోసింది. అలాంటిచోట టేబుల్ వేరేవాళ్లతో పంచుకోవాల్సి రావచ్చు.

ఆగస్టులో వెళ్లేవాళ్లకి ఒక మాట. ఆగస్టు 15 మరియమాత పండుగ. ఆ ముందూ వెనకా ఏథెన్స్ పేటల్లో మంచి టవెర్నాలు చాలా తలుపులు మూసుకుని సొంతూళ్లకో దీవులకో వెళ్లిపోతాయి. దీవుల్లో మాత్రం అప్పుడు కుర్చీ దొరకడమే గగనం, ఫోన్ చేసి బుక్ చేసుకోవాలి.

ఎన్ని గంటలకి

మధ్యాహ్న భోజనం 2 తర్వాత, రాత్రి భోజనం 9 తర్వాత. ఎండాకాలంలో పదింటికి కుర్చీల్లో చేరే కుటుంబాలు, పక్కన పరుగులు తీసే చిన్నపిల్లలు మామూలే. ఏడింటికి వెళ్తే హాలులో మీరూ ఇంకో నలుగురు టూరిస్టులూ ఉంటారు. అందులో తప్పేం లేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఏడున్నరే నయం, బుకింగ్ లేకుండా మంచి టేబుల్ దొరుకుతుంది. ట్రేలలో వండిన కూరల కోసమైతే మధ్యాహ్నం ఒంటిగంటకే వెళ్లండి.

కూర్చోగానే అడక్కుండా వచ్చేవి

కాగితపు టేబుల్ క్లాత్ పరిచి, గాలికి ఎగరకుండా అంచుల్లో క్లిప్పులు పెడతారు. వెంటనే బ్రెడ్ బుట్ట, కత్తులు, ఫోర్కులు, నీళ్లు వస్తాయి. బ్రెడ్ చాలాచోట్ల ఉచితం కాదు. కువేర్ అనే పేరుతో మనిషికి ఇంత అని బిల్లులో పడుతుంది, సాధారణంగా అర యూరో నుంచి రెండు యూరోల దాకా. వద్దనుకుంటే ముట్టుకోకముందే చెప్పి తీయించేయవచ్చు. కానీ తీయించకండి. సలాడ్ అడుగున మిగిలే నూనెలో, టమాటా రసంలో ముంచుకోవడానికి ఆ బ్రెడ్ కావాలి.

నీళ్లు సీల్డ్ బాటిల్‌లో తెస్తే దానికి డబ్బు. ఏథెన్స్‌లో కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, జగ్గులో తెమ్మంటే తెస్తారు. సాంటోరిని లాంటి చాలా దీవుల్లో కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి, అక్కడ బాటిలే దిక్కు.

ఒక హెచ్చరిక. ఐదు ప్లేట్లనో ఐదుగురనో చెప్పడానికి అరచెయ్యి ఎదుటివాడి వైపు చాపి ఐదు వేళ్లూ విప్పకండి. దాన్ని మూంజా అంటారు, పచ్చి తిట్టు కింద లెక్క. మీరు టూరిస్టని వెయిటర్ నవ్వేస్తాడు గానీ, అరచేతిని మీ వైపు తిప్పి చూపిస్తే గొడవే ఉండదు. ఇంకొకటి: "నే" అంటే అవును. కాదు అనడానికి నోటితో ఏమీ అనకుండా కనుబొమలు ఎగరేసి, తల కాస్త వెనక్కి వంచుతారు. మనకి అది "ఏంటి?" అని అడిగినట్టు కనిపిస్తుంది. రెండోసారి అడక్కండి, ఆ ఐటమ్ అయిపోయిందని అర్థం.

మెనూ పక్కన పెట్టి, ఈరోజు ఏముందో అడగండి

మెనూలో అరవై ఐటమ్‌లు ఉంటాయి. వంటింట్లో ఆ రోజు ఉండేది అందులో సగమే. ధర రాయకుండా ఖాళీ వదిలేసిన ఐటమ్ ఆ రోజు లేదన్నమాట. "తీ ఎహెతే సీమెరా?" అంటే ఈరోజు ఏమున్నాయి అని. ఆ ఒక్క ప్రశ్నతో వెయిటర్ ముఖం మారిపోవడం చూస్తారు. పాతకాలపు చోట్లలో అయితే లోపలికి పిలిచి ట్రేలు చూపిస్తాడు, వేలితో చూపించి చెప్పేయవచ్చు. భాష రాని వాళ్లకి ఇంతకంటే హాయైన పద్ధతి లేదు.

ట్రేలో కూరలు పొగలు కక్కుతూ రావు. గోరువెచ్చగా వస్తాయి, కొన్ని చల్లగానే వస్తాయి. ఆలివ్ నూనెలో ఉడికిన కూరగాయల రుచి చల్లారాకే తెలుస్తుందని వాళ్ల నమ్మకం. వేడివేడిగా లేకపోతే ముద్ద దిగనివాళ్లు వేడి చేసిపెట్టమని అడగొచ్చు, కాదనరు. ఒకసారి అలాగే తిని చూడండన్నది నా సలహా.

మొదటి విడత: మధ్యలో పెట్టుకునేవి

నలుగురుంటే ఒక సలాడ్, మూడు నాలుగు చిన్న పళ్లేలు. అంతే. ఇక్కడే ఆపండి.

సలాడ్ అంటే హొర్యాతికి. టమాటా, కీరా, ఉల్లిపాయ, పచ్చి క్యాప్సికం, ఆలివ్‌లు, పైన ఫెతా చీజ్ పలక ఒకటి అడ్డంగా, దాని మీద ఒరెగానో, చుట్టూ ఆలివ్ నూనె. లెట్యూస్ ఆకులు కనిపిస్తే ఆ వంటగది మీద అనుమానపడొచ్చు. ఫెతాని ముందే పొడిపొడి చేసి చల్లరు, పలకని మీరే ఫోర్కుతో విరిచి కలుపుకోవాలి. ఫెతా అనే పేరు 2002 నుంచి ఐరోపా చట్టప్రకారం గ్రీస్ సొత్తు: కనీసం 70 శాతం గొర్రె పాలు, మిగతాది మేక పాలు, ఆవుపాలు చుక్క కూడా కలపకూడదు. రుచికి పుల్లగా, ఉప్పగా ఉంటుంది. ఈ సలాడ్ ఎండాకాలానిది. చలికాలంలో వెళ్తే టమాటాలో రుచుండదు, అప్పుడు సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్ సలాడ్ చెప్పండి. లేదా ఉడికించిన అడవి ఆకుకూరలు, హోర్తా. నూనె, నిమ్మరసం తప్ప వాటిలో ఇంకేం ఉండదు. ఆకుకూర ఎరిగిన నాలుక వెంటనే పట్టేస్తుంది.

పళ్లేల్లో త్జాత్జికి (పెరుగు, కీరా, వెల్లుల్లి), మెలిత్జానొసలాతా (కాల్చిన వంకాయ), తిరొకాఫ్తెరి (మిరపకాయ నూరిన ఫెతా, మనకి కాస్త కారం తగిలేది ఇదొక్కటే), పెనంలో వేయించిన చీజ్ సగనాకి. వీటన్నిటికంటే ముందు ఫావా చెప్పండి. పేరు చూసి ఫావా చిక్కుడుగింజలు (బ్రాడ్ బీన్స్) అనుకోకండి, పసుపు పచ్చటి పప్పుని (సాంటోరినిలో పండేది పేరుమోసింది) మెత్తగా ఉడికించి, పైన నూనె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు) వేస్తారు. నెయ్యికి బదులు ఆలివ్ నూనె పోసిన ముద్దపప్పు అనుకోండి. ఇంట్లోంచి వచ్చి నాలుగు రోజులై అన్నం మీద బెంగపెట్టుకున్న పెద్దవాళ్ల ముందు ఈ పళ్లెం పెట్టి చూడండి.

అన్నం సంగతి. తెల్లన్నం ఆశించకండి, బియ్యం మాత్రం దొరుకుతుంది. యెమిస్తా అంటే టమాటాల్లో, క్యాప్సికంలలో బియ్యం కూరి ఓవెన్‌లో పెట్టినవి. శాకాహారమేనని గుడ్డిగా నమ్మకండి, కొందరు అందులో కీమా కూడా కూరుతారు. కీమా లేనిదాన్ని "ఓర్ఫనా" అంటారు, అంటే అనాథ అని. స్పనకోరిజో అంటే పాలకూర, సోయాకూర, నిమ్మరసం వేసి వండిన మెత్తటి అన్నం. ద్రాక్షాకుల్లో చుట్టిన బియ్యపు దొల్మదాకియా కూడా ఉంటాయి.

బ్యాగులో కారప్పొడి ఉండే ఉంటుంది, నాకు తెలుసు. తీసేముందు "బూకోవో" అడగండి. ఎండుమిరప పలుకులు, ఇంచుమించు ప్రతి వంటింట్లోనూ ఉంటాయి.

శాకాహారులకి గట్టి ఆధారం: ఉపవాసపు వంటలు

ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు తినరు. ఈస్టర్‌కి ముందు పెద్ద ఉపవాసం ఉన్నప్పుడే కాక, చాలామంది బుధ, శుక్రవారాల్లో కూడా పాటిస్తారు. శతాబ్దాల తరబడి ఇలా తినీ తినీ, మాంసం లేని వంటలు వాళ్లకి పెద్ద సంపద అయ్యాయి. మీరు అడగాల్సిన మాట "నిస్తీసిమో". వీగన్ అంటే తెల్లమొహం వేసే పల్లెటూరి ముసలావిడ కూడా నిస్తీసిమో అనగానే చక్కగా నాలుగు ఐటమ్‌లు చెప్పేస్తుంది.

ఒక మెలిక ఉంది. చేప వద్దు గానీ, రక్తం లేనివని ఆక్టోపస్, స్క్విడ్, రొయ్యలు ఉపవాసంలో తినొచ్చు. అందుకే నిస్తీసిమో అన్నాక "హోరిస్ థలసినా", అంటే సముద్రపువి లేకుండా, అని చేర్చండి. లేకపోతే మాకరోనీ మీద రొయ్యలు వస్తాయి.

ధైర్యంగా చెప్పుకోదగ్గవి: నూనె, టమాటాలో ఉడికిన బీన్స్ (ఫసొలాకియా), బెండకాయలు (బామ్యెస్), వంకాయ, బంగాళాదుంప, గుమ్మడిజాతి కాయ కలిపి ఓవెన్‌లో పెట్టిన బ్రియామ్, పెద్దపెద్ద తెల్ల చిక్కుడుగింజల యీగాన్దెస్, శనగల రెవిథ్యా. ఇలాంటి వంటల్ని లదెరా అంటారు, నూనెలో వండినవని. నూనె పళ్లెంలో తేలుతుంటే చూసి కంగారుపడకండి, ఆ నూనె కోసమే వండుతారు.

జాగ్రత్త పడాల్సినవి: తరమోసలాతా చూడ్డానికి లేత గులాబీరంగు పెరుగుపచ్చడిలా ఉంటుంది, అది చేపగుడ్లతో చేసింది. మిక్స్‌డ్ ప్లేటర్ చెప్తే అందులో తరచూ ఉంటుంది. జుకినీ (గుమ్మడిజాతి కాయ) వడల్లాంటి కొలొకిథొకెఫ్తెదెస్‌లో, కొన్ని పైల్లో గుడ్డు పడుతుంది. దొల్మాదెస్ పెద్దవి, వేడివి, నిమ్మ-గుడ్డు సాస్‌తో వచ్చాయంటే లోపల మాంసం ఉన్నట్టే. బంగాళాదుంప ఫ్రైస్ స్క్విడ్ వేయించిన నూనెలోనే వేయించి ఉండొచ్చు, పట్టింపు ఉన్నవాళ్లు అడగాలి. "దెన్ త్రోమె క్రేయాస్, ఊతె ప్సారి": మేం మాంసం తినం, చేపా తినం. ఇది రాసుకుని ఫోన్‌లో పెట్టుకోండి.

మాంసం తినేవాళ్లు ఏ మాంసమో అడగాలి

గ్రీస్‌లో సువ్లాకి (పుల్లకి గుచ్చి కాల్చిన ముక్కలు), యీరో (నిలువుగా తిప్పుతూ కాల్చి కోసిన మాంసం) అని విడిగా చెప్తే పంది మాంసం వస్తుంది, అదే అక్కడ మామూలు. చికెన్ కావాలంటే "కొతోపులో" అని గట్టిగా చెప్పాలి. హిరినో అంటే పంది, మొస్హారి అంటే ఆవు లేదా దూడ, అర్ని అంటే గొర్రెపిల్ల, కత్సీకి అంటే మేక. కీమా ఉన్న ప్రతిదీ అనుమానించాల్సిందే: ముసాకా (వంకాయ, కీమా పొరలు), పస్తిత్సియో (మాకరోనీ, కీమా పొరలు), బిఫ్తెకి, కెఫ్తెదెస్ (కీమా ముద్దలు). వీటిలో ఎక్కువగా ఆవుదో, ఆవు-పంది కలిపినదో ఉంటుంది. గొడ్డుమాంసం, పందిమాంసం తినని వాళ్లు ఇవి వదిలేసి కాల్చిన గొర్రెపిల్ల చాప్స్, పయిదాకియా వైపు వెళ్లొచ్చు. అవి ప్సిస్తార్యాలో కిలోల లెక్కన దొరుకుతాయి. నలుగురికి ఒక కిలో చెప్పి, ఉప్పు, ఒరెగానో, నిమ్మకాయతో చేత్తోనే తినండి. ఫోర్కుతో తంటాలు పడేవాళ్లు ఎవరూ ఉండరు. హలాల్ కోసమైతే అది హలాలేనా అని ముందుగా విడిగా అడగాలి. మామూలు టవెర్నాలో ఉండదు.

ముసాకా తినేవాళ్లకి చిన్న సంగతి: పైన మందంగా ఉండే ఆ తెల్లటి బెషామెల్ (పాలు, మైదా, వెన్నతో చేసే సాస్) పొర పాత వంటకంలో లేదు. ఫ్రెంచి వంట మీద మోజున్న నికొలాఒస్ త్సెలెమెంతెస్ అనే వంటగాడు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో దాన్ని చేర్చి ప్రచారంలోకి తెచ్చాడు.

చేపని తూకం వేయించాకే ఊఁ అనండి

బిల్లు చూసి గుండె జారే చోటు ఇదే. పెద్ద చేపలకి మెనూలో ఉండే ధర ప్లేటుకి కాదు, కిలోకి. కిలో 50 యూరోలు దాటడం మామూలే, కొన్ని రకాలు ఇంకా పైకి పోతాయి. అందుకని లేచి మంచు మీద పేర్చిన చేపల దగ్గరకి వెళ్లండి. కళ్లు ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉన్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా చూడండి. చేపల మార్కెట్‌కి వెళ్లిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మీరు వేలు పెట్టి చూపించిన చేపని మీ ఎదుటే కాటాలో పెట్టమనండి, మొత్తం ధర ఎంతో చెప్పించుకోండి. ఈ తూకం శుభ్రం చేయక ముందుది. మనిషికి 300 నుంచి 400 గ్రాముల చేప సరిపోతుంది. ఇలా అడగడం నామోషీ కాదు, గ్రీకులు అందరూ అడుగుతారు.

త్సిపూరా, లవ్రాకి అనే రెండు రకాలు ఎక్కువగా పెంపకపు చేపలు. గ్రీస్ వాటిని పెంచి ఎగుమతి చేస్తుంది. రుచికి తీసిపోవు, ధరలో నయం. మెనూలో చుక్కగుర్తు గానీ "κατ." అనే అక్షరాలు గానీ ఉంటే ఫ్రోజెన్ అని అర్థం. స్క్విడ్, రొయ్యల పక్కన అది తరచూ కనిపిస్తుంది.

డబ్బు చూసుకునేవాళ్లు చిన్న చేపలు చెప్పండి. నెత్తళ్ల జాతి గావ్రోస్, సార్డీన్‌లు, వేలెడంత మరీదెస్. ఇవి ప్లేటు లెక్కనే వస్తాయి, పిండి అద్ది కరకరలాడేలా వేయిస్తారు, తలతో సహా నమిలేయడమే. మనలో చిన్న చేపలు నమిలే అలవాటున్నవాళ్లకి నిప్పుల మీద కాల్చిన ఖరీదైన చేప కన్నా ఇవే ఎక్కువ నచ్చుతాయని నా అనుభవం.

తాగేవి

హౌస్ వైన్ కిలోల లెక్కన అడుగుతారు: మిసో కిలో అంటే అర లీటరుకి దగ్గర, తేతర్తో అంటే అందులో సగం. లోహపు కూజాలో వస్తుంది, చవక. రెత్సీనా అనే వైన్‌లో పైన్ జిగురు వాసన ఉంటుంది, మొదటి గుక్కకే తీర్పు చెప్పకండి. ఊజో అనే సారా సోంపు వాసనతో ఉంటుంది, నీళ్లు పోయగానే అందులోని సోంపు తైలం విడిపడి పాలలా తెల్లబడుతుంది. ముందు నీళ్లు, తర్వాతే ఐసు. అదీ తినుబండారంతోనే, నెమ్మదిగా. వోలోస్ ఊరికి వెళ్తే త్సిపురాదికోలు ఉంటాయి, అక్కడ తిండి విడిగా ఆర్డర్ చేయక్కర్లేదు. చిన్న సీసా త్సిపురో (ద్రాక్షపిప్పితో కాచిన సారా) చెప్తే దాంతోపాటు ఒక పళ్లెం వస్తుంది, రెండో సీసాకి ఇంకోటి, మూడోదానికి ఇంకా మంచిది. తాగనివాళ్లు పుల్లచెర్రీల షర్బత్ విసినాదా అడగండి.

గ్లాసులు తగిలించి "యా మాస్" అంటారు. ప్లేట్లు పగలగొట్టడం సినిమాల్లోనే, టవెర్నాలో ఎవరూ చేయరు.

తీపి, కాఫీ, బిల్లు

డెజర్ట్ చెప్పే తొందరేం లేదు. బిల్లు అడిగాక చాలా టవెర్నాల్లో పుచ్చకాయ ముక్కలో, ద్రాక్షలో, చిన్న హల్వా ముక్కో ఉచితంగా పెడతారు. క్రీట్ దీవిలో దాంతోపాటు చిన్న సీసాలో రాకీ (త్సిపురో లాంటి సారా) కూడా వస్తుంది. ఆ హల్వా గోధుమరవ్వది. ఒక వంతు నూనె, రెండు వంతుల రవ్వ, మూడు వంతుల చక్కెర, నాలుగు వంతుల నీళ్లు అనే కొలత అక్కడ ప్రతి ఇంట్లోనూ నోటికొచ్చు. నూనెతో చేస్తారు కాబట్టి ఉపవాసంలోనూ చెల్లుతుంది. గ్రీకు కాఫీ తాగితే చక్కెర ఎంతో ముందే చెప్పాలి: స్కేతో అంటే లేకుండా, మెత్రియో అంటే మధ్యస్థం, గ్లికో అంటే తియ్యగా. అడుగున మడ్డి ఉంటుంది, కలపకండి, చివరి గుక్క వదిలేయండి.

బిల్లు అడిగితేనే వస్తుంది, అడగకముందు తేవడం మర్యాద కాదని వాళ్ల లెక్క. "తొన్ లొగార్యాస్మో, పారాకాలో." టేబుల్‌కి ఒకటే బిల్లు. విడివిడిగా లెక్కలు వేయమంటే వెయిటర్ ముఖం మాడుతుంది, మీలో మీరే పంచుకోండి. గ్రీకు మిత్రుడు మిమ్మల్ని పిలిచి ఉంటే బిల్లు లాక్కునే పోటీలో గెలవాలని చూడకండి. మర్నాడు కాఫీ మీరు ఇప్పించండి, అది ఒప్పుకుంటాడు.

అన్ని ఐటమ్‌లూ రాసిన ముద్రిత రసీదు చూసి, బ్రెడ్, నీళ్లు, చేప తూకం సరిచూసుకుని అప్పుడు డబ్బు కట్టండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని మెనూలోనే రాసి ఉంటుంది, అది చట్టం. ధరల్లో పన్ను కలిసే ఉంటుంది. టిప్ తప్పనిసరి కాదు. బాగుందనిపిస్తే మొత్తాన్ని పై అంకెకి సరిచేయడమో, ఐదు నుంచి పది శాతం వదలడమో చేస్తారు. బిల్లు కార్డుతో కట్టినా టిప్ నగదుగా ఇస్తే నేరుగా వెయిటర్ చేతికి అందుతుంది, కాబట్టి ఒకటి రెండు యూరోల నాణేలు జేబులో ఉంచుకోండి.